సికింద్రాబాదు: దండు విడిసిన నేల

సికింద్రాబాదు ఎరుగనివారు మనలో అరుదు. అచ్చట రైలు దిగినవారు, జనరల్ బజారులో పెండ్లిచీరలు బేరమాడినవారు, ఆషాఢమాసమున మహంకాళి అమ్మవారికి బోనమెత్తినవారు ఎందఱో కలరు. నేనును చిన్ననాటినుండి ఏటేట పోవుచుండుదాననే. అయినను అది మొదట ఊరు కాదనియు, దండు విడిసిన పాళెమనియు, ఆ దండు నేటికిని పూర్తిగా లేచిపోలేదనియు నా మనసునకు పట్టినది ఈ యేడే. అట్లు పట్టుటకు కారణము మా చిన్నమ్మ ఇంటి ప్రక్కగోడమీద ఎవరో గీసిన ఎఱ్ఱరంగు గీత.

చిన్నమ్మ ఇల్లు కార్ఖానా దాటిన పిమ్మట తిరుమలగిరికి పోవు పెద్దదారి ప్రక్కన ఉన్నది. మా చిన్నాయన సైనికుల జీతముల లెక్కలు వ్రాయు కచేరీలో గుమాస్తాగా ఉండి, పని విరమించిన కొన్నాళ్లకే కాలము చేసెను. ముందు వాకిలి, వాకిట వేపచెట్టు, దాని నీడన తులసికోట, ఆ వెనుక పెంకుల వసారా, నాలుగు గదులు. ఇంతియే ఆ ఇల్లు. నలువదియేండ్లుగా మా చిన్నమ్మ ఆ వాకిటనే ముగ్గుపెట్టినది, అచ్చటనే పిల్లలకు తలంటినది, అచ్చటనే బోనము సింగారించినది. ఇప్పుడు ఆ దారిమీద ఎత్తువంతెన కట్టుదురట. దారి వెడల్పు చేయుదురట. గీతవఱకు నేల పోవునట. ఆ గీత సరిగా తులసికోటకును ఇంటి గడపకును నడుమ పడినది.

"ఈసారి బోనాలకు తప్పక రా బిడ్డా. ఈ వాకిట ఇదే ఆఖరు బోనమేమో" అని చిన్నమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. అందువలననే నాకు మరింత బెంగ కలిగినది.

మావారు బడిపంతులు, ఉన్నతపాఠశాలలో చరిత్ర చెప్పుదురు. ప్రయాణమునకు మూటలు కట్టుచుండగా, "పండుగ చూచి ఊరక రావలదు. ఆ నేల కథ కొంత తెలిసికొని రమ్ము. మా పిల్లలకు పుస్తకములోని సంవత్సరములు నోటికి వచ్చినవిగాని, అవి ఏ నేలమీద జరిగెనో ఎవరికిని తెలియదు" అనిరి. పదునొకండేండ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని శుక్రవారమునాడు భువనగిరిలో రైలెక్కితిని. ఘటకేసరు, చర్లపల్లి, మౌలాలి దాటి గంటసేపటిలో సికింద్రాబాదు చేరితిమి.

స్టేషనునుండి బస్సులో పోవునప్పుడు మా అమ్మాయి దారిలోని పేరుపలకలు చదువుచు వచ్చినది: రెజిమెంటల్ బజారు, పికెట్, కార్ఖానా. మఱునాడు ఇంకను ముందునకు పోగా లాల్ బజారు, బొల్లారము, రిసాలా బజారు కనబడినవి. "అమ్మా! ఇవి ఊళ్ల పేర్లవలె లేవేమి?" అని అడిగినది. బిడ్డ అడిగినది నిజము. ఇన్నేండ్లనుండి ఆ పేర్లు వినుచుంటినిగాని నాకా ప్రశ్న తోచలేదు. రెజిమెంటనగా పటాలము. పికెట్ అనగా కావలిపటము. రిసాలా యనగా గుఱ్ఱపుదళము. కార్ఖానా యనగా దండునకు కావలసిన పనులు చేయుచోటు. సికింద్రాబాదునకే మన తెలంగాణపు పెద్దలు లష్కరని పేరు పెట్టిరి, లష్కరన్నను దండే. మన భారతకథలలో స్కంధావారమనియు శిబిరమనియు విన్నది ఇదియే. తెలుగువారి పాళెమును ఇదియే. గుడారములు ఎత్తివేసిన తరువాతకూడ ఊరై నిలిచిన పాళెములు మనదేశమున ఎన్ని లేవు! సికింద్రాబాదు వానిలో ఒకటి.

ఇది ఎట్లు పుట్టినదో చెప్పెదను. 1798వ సంవత్సరమున నిజాము అలీఖాను ఇంగ్లీషు కంపెనీవారితో సైన్యసహకార సంధి చేసికొనెను. అంతకుముందు ఆయన కొలువులో ఫ్రెంచివారు తీర్చిదిద్దిన పటాలములుండెను. సంధి ప్రకారము వానిని రద్దుచేసి, కంపెనీ దండును నిజాము తన ఖర్చుమీద తన రాజ్యములో నిలుపుకొనవలెను. ఆ దండు హుసేనుసాగరమునకు ఉత్తరపుమిట్టమీద గుడారములు వేసికొనెను. ఎనిమిదేండ్లకు, 1806లో, అప్పటి నిజామైన సికందర్ జా పేర ఆ చోటికి సికింద్రాబాదని పేరు వచ్చినది. గోలకొండ సుల్తానులనాటి చెఱువునకు దక్షిణమున నవాబుగారి నగరము, ఉత్తరమున దొరల దండు. నడుమ కట్టమీది దారియే రెండు రాజ్యములకు పొలిమేరయైనది.

ఈ కథ వినగానే నాకు వామనచరిత్ర జ్ఞప్తికి వచ్చినది. వామనుడు అడిగినది మూడడుగుల నేల. ఇచ్చినవాడు దాత, పుచ్చుకొన్నవాడు బాలుడు. పిమ్మట నడుగు పెరిగినది. అచ్చట పుచ్చుకొన్నవాడు భగవంతుడు గనుక బలికి కీర్తియైనను మిగిలినది. ఇచ్చట పుచ్చుకొన్నది వర్తకుల కంపెనీ. కావలికి వచ్చినవాడు ఇంటిలో తిని, తిన్నదానికి మరల ఇంటివానిపైననే లెక్క వ్రాసినట్లయినది. ఈ దండు చాలదని కంటింజెంటను మఱియొక సైన్యము ఏర్పడి బొల్లారమున నిలిచెను. దాని ఖర్చు నిజాము బొక్కసమునకు మోయరాని బరువాయెను. బాకీ పెరిగిపెరిగి, 1853లో పత్తిపంటకు పేరొందిన బేరారు సీమను ఆ బాకీక్రింద కంపెనీ చేతికి అప్పగింపవలసి వచ్చెను. నెలనెల పద్దువ్రాయు గృహిణులకు ఇందలి కిటుకు వేరుగా చెప్పనక్కఱలేదు. వడ్డీయెంతో తెలియని అప్పు, వద్దనుటకు వీలులేని చుట్టము, రెండును ఒక్క ఇంట చేరిన ఆ ఇల్లు నిలుచుట కష్టము.

1857లో ఉత్తరదేశమున సిపాయిలు తిరుగబడినప్పుడు ఇచ్చటకూడ అలజడి పుట్టెను. జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను కొందఱిని వెంటబెట్టుకొని హైదరాబాదులోని రెసిడెన్సీమీద పడిరి. వారి ప్రయత్నము ఫలింపలేదు. కాని దొరలకు గుండెలో దడ మిగిలిపోయెను. తరువాతి కాలమున తిరుమలగిరివద్ద చుట్టును కందకము త్రవ్వి, లోపల తమవారు తలదాచుకొనుటకు కోటవంటి స్థావరము కట్టుకొనిరి. రక్షింపవచ్చినవారే తమ్ము తాము రక్షించుకొనుటకు గోతులు త్రవ్వుకొన్నారని మా అమ్మాయి నవ్వినది. చరిత్ర పిల్లలకు అట్లే కనబడునేమో!

దండనగా తుపాకి పట్టినవారు మాత్రమే కాదు. ఒక పటాలము కదిలినచో దానివెంట చాకలి, మంగలి, కుట్టుపనివాడు, గడ్డిమోపువాడు, బోయీలు, వంటవాండ్రు, పాలమ్ము గొల్లవారు, కూరలమ్ము స్త్రీలు కదలివత్తురు. వారికొఱకు బజారులు పుట్టినవి. బజారులవెంట గుడులు, మసీదులు, చర్చీలు, బడులు పుట్టినవి. సికింద్రాబాదును ఊరుగా కట్టినది సేనాపతులు కాదు, ఈ వెంటవచ్చినవారు. అందుకు సాక్ష్యము మన మహంకాళి గుడియే.

ఆలయచరిత్ర ఇట్లు చెప్పుదురు. సురిటి అప్పయ్య అనునతడు దండులో డోలీ మోయు పని చేయుచుండెను. 1813లో అతని పటాలము ఉజ్జయినికి పోయినది. ఆ కాలమున ఇచ్చట వాంతిభేదుల జాడ్యము పుట్టి జనము రాలిపోవుచున్నారని వినెను. దూరమున ఉండి తనవారికొఱకు అతడేమి చేయగలడు? ఉజ్జయిని మహంకాళి ఎదుట మ్రొక్కుకొనెను: జాడ్యము శమించినచో మా ఊరిలో నిన్ను నిలుపుకొందునని. జాడ్యము శమించెను. అప్పయ్య తిరిగివచ్చి 1815లో కొయ్యవిగ్రహము చేయించి ప్రతిష్ఠించెను. 1864లో దాని స్థానమున శిలావిగ్రహము వచ్చినది. సర్వాధికారము కలిగిన రెసిడెంటు దొరల పేర్లు నేడు ఎందఱికి జ్ఞప్తిలో ఉన్నవి? డోలీమోసిన అప్పయ్య మ్రొక్కుబడి మాత్రము రెండువందల యేండ్లు దాటినను ఏటేట లక్షలమంది తలలమీద బోనమై నడచుచున్నది.

జాడ్యముమాట వచ్చినది గనుక మఱియొక సంగతి చెప్పవలెను. శనివారమున బొల్లారము పోవుచు, 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి దారిలో ఉన్నదని చిన్నమ్మ చెప్పినది. ఇట్టి దండుచర్చీల శ్మశానములలో పండుకొన్నవారిలో యుద్ధమున మడిసిన శూరులకంటె జ్వరమున పోయిన వయసువాండ్రు, వారి యిల్లాండ్రు, పసిబిడ్డలు ఎక్కువ. సముద్రములు దాటి వచ్చి, బిడ్డను కని, బిడ్డతోకూడ మట్టిలో కలిసిన తల్లిని తలచుకొన్నచో ఏ దేశపు స్త్రీకైనను కడుపు తరుగకపోదు. దొరతనముమీద కోపము వేఱు. ఆ తల్లిమీద జాలి వేఱు.

ఆ జ్వరము గుట్టు బయటపడినదికూడ ఈ దండులోనే. సర్ రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు బేగంపేటలోని పటాలపు ఆసుపత్రిలో పనిచేయుచు, దోమకును చలిజ్వరమునకును గల సంబంధము వెదకుచుండెను. హుసేన్‌ఖాను అను జ్వరపీడితునికి, అతనిని కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున ఇచ్చెదనని చెప్పి దోమలచేత కుట్టించెను. ఆ దోమలలో ఒకదానిని 1897 ఆగస్టు 20వ తేదీన కోసి సూక్ష్మదర్శినితో చూడగా, దాని పొట్టగోడలో మలేరియా క్రిమి కనబడినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ కట్టడము నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి అధీనమున ఉన్నది. తొట్టిలో నీరు నిలువయుంచవలదని నేడు మన ఇండ్లకు వచ్చి చెప్పు ఆరోగ్యకార్యకర్త మాటకు మూలము ఆ గదిలో ఉన్నది. అణాలకొఱకు చేయి చాచిన హుసేన్‌ఖానునుగూడ మనము స్మరింపవలెను.

శనివారము ఉదయము చిన్నమ్మ, నేను, అమ్మాయి బొల్లారములోని రాష్ట్రపతి నిలయమునకు పోతిమి. 1860లో కట్టిన ఆ భవనము పూర్వము బ్రిటిషు రెసిడెంటుగారి వేసవి విడిది. హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమున కలిసిన పిమ్మట అది రాష్ట్రపతికి దక్షిణాది విడిది యైనది. చుట్టును 90 ఎకరముల తోట. మునుపు రాష్ట్రపతి వచ్చిపోయిన తరువాత ఏడాదికి కొన్ని దినములు మాత్రమే జనులను లోనికి విడిచెడివారు. 2023 మార్చినుండి, రాష్ట్రపతి బసచేయు దినములు తప్ప, ఏడాది పొడవున అందఱును చూడవచ్చును. సోమవారము సెలవు.

మేడలు, గోపురములు ఉండునని మా అమ్మాయి ఊహించుకొన్నది. కాని అది ఒక్క అంతస్తు ఇల్లే, పదునొకండు గదులు. దర్బారు గది, భోజనశాల మొదలైనవి చక్కగా సర్దియున్నవి. వంటిల్లు వేఱుగా దూరమున ఉన్నది. వండిన పదార్థములు భోజనశాలకు తెచ్చుటకు నేలక్రింద సొరంగమార్గము కట్టిరి. వండువారును మోయువారును దొరల కంటబడకుండ అన్నము మాత్రము బల్లమీదికి రావలెనను ఏర్పాటు కాబోలు! ఇప్పుడు ఆ సొరంగపు గోడలనిండ మన చేర్యాల చిత్రములు వ్రాయించిరి. ఎఱ్ఱని నేపథ్యముమీద మన పల్లెపదముల స్త్రీలు, పండుగలు. ఎవరు కనబడరాదని ఆ దారి త్రవ్విరో, వారి బొమ్మలనే చూచుటకు జనులు రుసుము చెల్లించి పోవుచున్నారు. చిన్నమ్మ ఆ గోడ ఎదుట చాలసేపు నిలిచినది.

తోటలో ఔషధీమొక్కల మడులు, నక్షత్రముల పేర మొక్కలు నాటిన వనము కలవు. పూడిపోయిన మెట్లబావులను తిరిగి త్రవ్వించి బాగుచేసిరి. 120 అడుగుల ధ్వజస్తంభమును పూర్వపుదానిని పోలినట్లు 2023లో నిలిపిరి. చిన్నమ్మ నేల ఉసిరిని, అడ్డసరమును, తిప్పతీగను గుర్తుపట్టి ఒక్కొక్కటి దేనికి పనికివచ్చునో మనుమరాలికి చెప్పుచు నడచినది. చివర బల్లమీద కూర్చుండి, "నలువదియేండ్లనుండి ఈ గోడప్రక్కన బస్సులో పోయిన. లోపల బావి ఉన్నదని నాకు తెలియదు బిడ్డా" అన్నది. ఆ మాటలో నిష్ఠురము లేదు, ఆశ్చర్యము మాత్రమే.

దండు నేల దండుకొఱకే ఉండవలెననునది ఒక్కటొక్కటిగా సడలుచు వచ్చినది. 1945లో సికింద్రాబాదు బజారుల భాగము దొరల చేతినుండి నిజాము ప్రభుత్వమునకు తిరిగివచ్చి మునిసిపాలిటీ యైనది. 1960లో అది హైదరాబాదు నగరపాలనలో కలిసినది. సిపాయిలు కవాతుచేసిన పరేడు మైదానమున సంక్రాంతికి పిల్లలు గాలిపటము లెగురవేయుచున్నారు. బేగంపేట విమానాశ్రయమున 2008లో ప్రయాణికుల రాకపోకలు నిలిచి శంషాబాదునకు మారినవి. కాని కంటోన్మెంటు మిగిలియే యున్నది. లోపల సైనికుల విద్యాలయములు, ఆసుపత్రులు, నివాసములు. వానినడుమ పౌరుల బస్తీలు. 2011 జనగణనలో అచ్చట రెండు లక్షలకు పైబడిన జనము తేలినది. వారి వీధిదీపము, మురుగుకాలువ, ఇంటిపన్ను నగరపాలకసంస్థవి కావు, కంటోన్మెంటు బోర్డువి. సైనికుల భద్రతకై కొన్ని దారులు మూసివేయుటయు, పౌరులు చుట్టు తిరిగి పోలేక మొఱపెట్టుటయు చాలకాలము జరిగినది. 2018లో దారులు తెఱువుమని రక్షణశాఖ ఉత్తరువిచ్చినది. బస్తీలను నగరములో కలుపవలెనను ఆలోచనయు నడచినది.

దీనికితోడు ఇంటినేలల చిక్కు మఱియొకటి. కంటోన్మెంటులలో "ఓల్డ్ గ్రాంట్" అను పాత పద్ధతి కలదు. ఆ పద్ధతిని కట్టిన ఇంటికి కట్టడము కాపురస్థునిది, నేల సర్కారుది. సర్కారునకు అవసరమైనప్పుడు కట్టడపు వెల ఇచ్చి నేల తీసికొనవచ్చును. మా చిన్నాయన కొన్న ఇల్లు అట్టిదే. కొన్ననాడే ఆయన భార్యను కూర్చుండబెట్టి, "ఇల్లు మనది, నేల మనది కాదు. ఇది జ్ఞాపకముంచుకో" అని చెప్పెనట. ఆమె ఆ కాగితమును పసుపుగుడ్డలో చుట్టి నగలపెట్టెలో దాచినది. నాకు చూపినది. సోదరీమణులారా, ఈ సందర్భమున ఒక్క మాట. మీ ఇంటి పత్రములు పెట్టెలో ఉన్నవని తృప్తిపడక, ఒక్క మధ్యాహ్నము తీరికచేసికొని చదువుకొనుడు. ఏ పేర ఉన్నవి, నేల ఎవరిది, హద్దులేవి అని తెలిసికొనుడు. మగవారు చూచుకొందురని విడిచిన ఇల్లాండ్రు, మగదిక్కు పోయిన తరువాత కచేరీల మెట్లమీద కూర్చుండి ఇతరులను బతిమాలుట నేను చూచితిని.

ఇక ఎత్తువంతెన. 2024 మార్చిలో రక్షణశాఖ తన భూములిచ్చుటకు సమ్మతించినది. ఆ నెలలోనే రాజీవ్ రహదారి వంతెనకు శంకుస్థాపన జరిగినది. సికింద్రాబాదునుండి శామీరుపేటవఱకు సుమారు 18 కిలోమీటర్ల దారి, అందు 11 కిలోమీటర్లు స్తంభములమీద. అది కరీంనగరము, సిద్దిపేటలనుండి వచ్చు వేలాది బండ్లకు దారి. ఇంతకాలము ఇరుప్రక్కల దండు నేల ఉండుటచేత వెడల్పు చేయుటకు వీలులేక, తిరుమలగిరి కూడలిలో బండ్లు గంటలతరబడి నిలిచిపోవుచుండెను.

రాత్రి భోజనములైన పిమ్మట వసారాలో పండుకొని, నేను ఆ గీతను నిందించి మాటలాడితిని. ఈ వంతెన లేకున్న లోకము ఆగిపోవునా, చెట్టు, తులసికోట ఎవరికి అడ్డమైనవి అంటిని. చిన్నమ్మ వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి, "మీ చిన్నాయన పోయిన రాత్రి ఎరుగుదువుకదా" అన్నది.

నేనెరుగుదును. గుండెలో నొప్పియని ఆయనను బండిలో ఎక్కించిరి. కూడలికి అవతల ఆసుపత్రి ఉన్నది. ముందు లారీలు, వెనుక బస్సులు, ప్రక్కకు తొలగుటకు చోటులేదు. ఆమె ఆయన తల ఒడిలో పెట్టుకొని ఎదుటిబండి వెనుకదీపమును చూచుచు కూర్చున్నది. ఆసుపత్రి చేరునప్పటికి ఆయన లేరు.

"ముందు చేరియుంటే బతికెడివారో లేదో దేవునికే తెలుసు. కాని ఆ రాత్రి దారి ఇయ్యండని ఎంతమందికి దండము పెట్టిన! ఇప్పుడు నన్ను దారి ఇమ్మంటున్నారు. నా తులసమ్మకొఱకు ఇయ్యనని ఎట్లందును బిడ్డా? ఇచ్చిన నేలకు సరియైన లెక్క చెప్పుమందును. ఎన్నడు వత్తురో ముందుగా చెప్పుమందును. అంతే" అని అటు తిరిగి పండుకొన్నది.

నాకు నిద్రపట్టలేదు. నేను చదివిన పురాణములలో త్యాగము చేసినవారికి పుష్పవృష్టి కురియును. మా చిన్నమ్మకు గోడమీద గీతతప్ప ఏ కబురును రాలేదు. పరిహారమెంతో చెప్పినవారు లేరు. పొరుగిండ్లలో ఒకరు ఒకవిధముగను, ఇంకొకరు మఱియొకవిధముగను వినిరి. నేల అడుగుటకు హక్కున్నవారికి, అడుగునప్పుడు గడపలోనికి వచ్చి ఇంటిదానితో నాలుగు మాటలు చెప్పుటకును బాధ్యత ఉన్నదని నా అభిప్రాయము.

ఆదివారము తెల్లవాఱక మునుపే చిన్నమ్మ వాకిలి అలికినది. కొత్తకుండకు పసుపుకుంకుమలు పెట్టి వేపమండలు చుట్టి, లోపల బెల్లపు పరమాన్నముంచి, పైన దీపము వెలిగించినది. చెట్టున్నంతకాలము దాని మండలే వాడవలెనని, నిచ్చెన వేయించి పెద్దకొమ్మ కోయించినది. మెట్రోరైలు స్తంభముల క్రిందుగా, పోతురాజుల కొరడాచప్పుళ్ల నడుమ, డప్పుల మ్రోతకు అడుగు కలుపుచు గుడికి పోతిమి. ఇరుకు సందులలో జనము ఇసుకవేసిన రాలకుండెను. నాలుగుగంటలు వరుసలో నిలిచినను ఆమె కుండను నాకీయలేదు. మఱునాడు రంగము. జోగిని పచ్చికుండమీద నిలిచి భవిష్యవాణి వినిపించినది. వానలు పడునని, బిడ్డలను కాచెదనని అమ్మవారి మాట. దారులసంగతి ఆ వాక్కులో నాకు వినబడలేదు. పిమ్మట ఏనుగుమీద ఘటము ఊరేగినది. దండు మూటకట్టుకొని వచ్చిన ఊరిలో, దండు కట్టని గుడిముందర, లష్కరంతయు కూడినది.

ఇంటికి వచ్చిన తరువాత మా అమ్మాయి ఒక ప్రశ్న వేసినది. "అమ్మమ్మా! దండు రాకముందు ఈ నేల ఎవరిది?" చిన్నమ్మ నావంక చూచినది, నేను చిన్నమ్మవంక చూచితిని. 1806కు ముందుకూడ ఇచ్చట అల్వాలు, తిరుమలగిరి వంటి పల్లెలుండెను. జొన్నచేలుండియుండును, చేనిగట్టున ఏ ఇల్లాలో అన్నము మూట విప్పియుండును. ఆమె హద్దురాయి ఎవరు కదల్చిరో, ఆమెకు ఎవరేమి చెప్పిరో ఏ పుస్తకమును వ్రాయలేదు. ఈసారియైనను వ్రాయవలెనని నేను కూర్చుంటిని.

ప్రయాణమునాడు చిన్నమ్మ తులసికోట చుట్టును మొలిచిన పిల్లమొక్కలలో నాలుగింటిని మట్టితోకూడ పెకలించినది. రెండు వెనుకదొడ్డిలో కొత్తగా కట్టించిన చిన్నకోటలో నాటినది. రెండు తడిగుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టినది. "పెద్దచెట్టును కదల్చలేను. పిల్లలు ఎచ్చటనైనను బతుకును" అన్నది.

మావారు నేను తెచ్చిన సంవత్సరములను నల్లబల్లమీద వరుసగా వ్రాసి, మా అమ్మాయి ప్రశ్ననే పిల్లల నడిగిరట. మా వాకిట ఒక మొక్క వాడిపోయినది. రెండవది ఆకు వేసినది. నిన్న చిన్నమ్మకు ఫోను చేసితిని. గీత అట్లే ఉన్నదట. ఎవరును రాలేదట. తాను మాత్రము ఎప్పటివలె ముగ్గు పెట్టుచున్నానని చెప్పినది.